అంగడి

మంగళవారం. జనగామ వైపు ఉన్న ఆ ప్రాథమిక పాఠశాలకు వారానికి రెండు రోజులు వెళ్లి, మూడు నుంచి ఐదో తరగతి దాకా చదవడం ఇంకా పట్టుబడని పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని చదివించడం మొదలుపెట్టి ఇది రెండో ఏడాది. పత్తి ఏరే రోజులు కావడంతో, నాకు అప్పగించిన తొమ్మిది మందిలో ఈ రోజు నలుగురే వచ్చారు. కొందరు అమ్మానాన్నలతో చేనుకు పోయారట. ఒక పాప చంటి తమ్ముణ్ణి చూసుకోవడానికి ఇంటి దగ్గరే ఉండిపోయింది.

వచ్చిన నలుగురిలో నాలుగో తరగతి బాబు ఒకడున్నాడు. నిరుడు మొదటిసారి వాచకం చేతికిస్తే పాఠమంతా గడగడా అప్పజెప్పాడు. నేను సంతోషించేలోపే, అతని వేలు మూడో వరుస మీద ఉండగా నోరు ఐదో వరుస దాటిపోయిందని గమనించాను. పిల్లలు ఎంతవరకు చదవగలరో చూసే అసర్ సర్వేలో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి వాడుతున్న పద్ధతిలో అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ వరుసగా చూపించి పరీక్షిస్తే, అతను పదాల దగ్గరే ఆగిపోయాడు. గుణింతం రాదని కాదు. క నుంచి కౌ దాకా తడుముకోకుండా చెబుతాడు. కానీ మధ్యలో 'కొ' మీద వేలు పెట్టి అడిగితే, మళ్లీ క దగ్గర మొదలుపెట్టి లోలోపల లెక్కించుకుంటూ అక్కడికి రావాలి. తెలుగు చదవడంలో అసలు బరువు అక్షరమాలలో కన్నా గుణింతాల్లో, ఒత్తుల్లో ఎక్కువగా ఉంది. త, న, మ, య వంటి అక్షరాల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు కనుక, పిల్లల కన్ను పై వరుసనే చూసి సాగిపోతుంది.

ఈ రోజు అతని కోసం నేనే అట్ట ముక్క మీద ఒక వాక్యం రాసుకుని వెళ్లాను: తాత సంత నుంచి మేకపిల్లను తెచ్చాడు. చివరి మాటను మొదట "తెచాడు" అని చదివాడు. తప్పని తనకే అనిపించి ఆగాడు. నేను నోరు విప్పలేదు. పిల్లవాడు తడబడుతున్నప్పుడు మాట అందించకుండా ఊరుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా కష్టమని నాకు తోస్తుంది. మనం అందించిన మాట అతను చదివిన మాట కాదు. కాసేపటికి వేలు మెల్లగా ఒత్తు కిందికి జరిగింది. "తె... తెచ్... తెచ్చాడు" అని గట్టిగా అన్నాడు.

తాత మేకపిల్లను ఎక్కడి నుంచి తెచ్చాడని అడిగితే, "సంత నుంచి" అన్నాడు. సంత అంటే ఏమిటని అడిగితే, "ఊరు పేరు టీచర్" అన్నాడు. అక్షరం తప్పు పోకుండా చదివినా అర్థం అతనికి చేరలేదన్నమాట. "సంత అంటే అంగడే నాన్నా" అన్నాను. ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. "మా బాపు గూడ అంగట్ల మేకను కొన్నడు టీచర్!" అని మొదలుపెట్టి, మేక ఎంత పొడవుందో చేతులు చాచి చూపించాడు.

ఆ మాటను అతను పలికినట్టే పలక మీద రాశాను. 'అంగట్ల'ను 'అంగట్లో' అని, 'కొన్నడు'ను 'కొన్నాడు' అని దిద్దలేదు. వాచకంలోని భాషను పిల్లలు నేర్చుకోవలసిందే, అందులో నాకు సందేహం లేదు. అయితే తాను ఇంట్లో మాట్లాడే మాటకు కూడా రాత ఉందని ఒక్కసారైనా కళ్లారా చూసిన పిల్లవాడు మిగతా మాటల దగ్గరికి బెదరకుండా వస్తాడని నేను నమ్ముతాను. పలక మీది వాక్యాన్ని అతను 'కొన్నడు' దగ్గర కూడా ఆగకుండా, వేలు అక్షరాన్ని వదలకుండా చదివాడు. మళ్లీ చదివాడు. పక్కనున్న మూడో తరగతి పాప చేత కూడా చదివించాడు.

భోజనం గంట కొట్టారు. ఈ రోజు గుడ్డు ఉందని తక్కిన ముగ్గురూ పరుగెత్తారు. అతను మాత్రం ఆ వాక్యాన్ని చిన్న కాగితం మీద రాసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాక వెళ్లాడు. బాపుకు చూపిస్తాడట. శుక్రవారం మేక గురించి ఇంకో రెండు మాటలు చెబుతానన్నాడు, చేనుకు పోవలసిన పని పడకపోతే.