మంచం పక్కన మనిషికి జీతం

మా నాన్నగారు 1964లో సైన్యంలో చేరి, 1971 యుద్ధంలో పనిచేసి, 1984లో హవల్దారుగా పదవీ విరమణ పొంది ఇంటికి వచ్చారు. ఆయనకు పక్షవాతం వచ్చి రెండేళ్లు కావస్తోంది. కుడి చెయ్యి, కుడి కాలు పనిచేయవు. మాట్లాడినా మాకు సగమే అర్థమవుతుంది. మంచం పట్టిన మాజీ సైనికుడు గానీ, వయసు పైబడిన పెద్దలు గానీ ఉన్న ఇళ్లకు పనికి వస్తుందని, ఈ రెండేళ్లలో మాకు అర్థమైన లెక్కను రాస్తున్నాను.

ఆసుపత్రి ఖర్చు మమ్మల్ని కుంగదీయలేదు. మాజీ సైనికుల కోసం 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ అనే వైద్య పథకం కార్డు ఆయన దగ్గర ఉండటంతో, చేర్చిన రోజు నుంచి డిశ్చార్జి వరకు అయిన వైద్యం దాని కిందే జరిగిపోయింది. మందులు ఇప్పటికీ ఆ పథకం కింద నడిచే పాలీక్లినిక్‌లోనే తెచ్చుకుంటున్నాం. ఆ పథకానికి నేను జీవితాంతం కృతజ్ఞుడిని. అయితే అసలు ఖర్చు డిశ్చార్జి కాగితం చేతికి వచ్చిన రోజున మొదలవుతుందని మాకు ఎవరూ చెప్పలేదు.

డెబ్బై కిలోల మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. నాన్నగారిని చూసుకోవడానికి మేము జీతానికి పెట్టుకున్న అబ్బాయి, ముందుగా ఆయన మోకాలు మడిచి, ఒక చెయ్యి భుజం కింద, ఇంకొకటి తుంటి కింద పోనిచ్చి, దుప్పటితో సహా మెల్లగా తన వైపుకు తిప్పుకుంటాడు. వీపుకు దిండు ఆనించి, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమోనని టార్చి వేసి మరీ చూస్తాడు. రాత్రి రెండింటికీ అదే పని, నాలుగింటికీ అదే పని. అతనికి నెలకు 22,000 రూపాయలు, భోజనం. డైపర్లు, గాలి పరుపు, ఫిజియోథెరపీ కలిపితే నాన్నగారి పెన్షన్‌లో ఇంటి ఖర్చుకు మిగిలేది దాదాపు ఏమీ ఉండదు.

ఈ జీతం ఎక్కడి నుంచైనా వస్తుందేమోనని అన్ని దారులూ వెతికాను. డెబ్బై ఏళ్లు నిండిన వారందరికీ 2024 అక్టోబరులో మొదలుపెట్టిన ఆయుష్మాన్ భారత్ కార్డు ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం ఇస్తుంది గానీ, ఆసుపత్రిలో చేరితేనే. ప్రైవేటు ఆరోగ్య బీమా కూడా ప్రధానంగా ఆసుపత్రి మంచానికే డబ్బు కడుతుంది తప్ప ఇంట్లో మంచానికి కాదు. సైన్యంలోనే నిరంతర సహాయక భత్యం ఒకటి ఉంది. 2017 జూలై నుంచి దాన్ని నెలకు 4,500 నుంచి 6,750 రూపాయలకు పెంచారు. అది సర్వీసు కారణంగా నూరు శాతం వైకల్యం వచ్చి, ఇంకొకరి సాయం లేకుండా గడవని వారికే వర్తిస్తుంది. పదవీ విరమణ తర్వాత నలభై ఏళ్లకు వచ్చిన పక్షవాతం దాని కిందకు రాదు. రోగానికి దారి ఉంది, గాయానికి దారి ఉంది. ముసలితనానికి మాత్రం ఏ కాగితంలోనూ గడి లేదు.

కొంత ఆదుకున్నది వయసు మీద వచ్చే అదనపు పెన్షన్ ఒక్కటే. ఎనభై ఏళ్లు నిండితే మూల పెన్షన్ మీద 20 శాతం, ఎనభై అయిదుకు 30, తొంభైకి 40, తొంభై అయిదుకు 50, నూరేళ్లకు నూరు శాతం కలుస్తుంది. రికార్డులో పుట్టిన తేదీ సరిగ్గా ఉందో లేదో పెద్దలు ఓపికగా ఉన్నప్పుడే చూసుకోండి. పెన్షన్ ఆగకుండా, బతికే ఉన్నామని ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రం సంగతి కూడా ముందే ఆలోచించాలి. నాన్నగారి వేలిముద్రలు అరిగిపోయి యంత్రం తీసుకోకపోవడంతో, ఫోన్‌లో ముఖం చూపించి నమోదు చేయించాం. ఆయన కనురెప్పలు ఆర్పే వరకు అమ్మ పక్కన కూర్చుని పేరు పెట్టి పిలుస్తూనే ఉంది.

మా అమ్మ పుట్టిల్లు తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపి మిలటరీ మాధవరంగా పేరు తెచ్చుకున్న ఊరు అది. అలాంటి ఊళ్లలో, పెన్షన్‌కు సరిపడా సర్వీసు లేకుండా సైన్యం నుంచి బయటికి వచ్చిన వారి పరిస్థితి మా కంటే కష్టం. పెన్షన్ లేని, 65 ఏళ్లు దాటిన, హవల్దారు స్థాయి వరకు పనిచేసిన వారికీ, అలాంటి వారి వితంతువులకూ, మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే సాయాన్ని 2025 నవంబరు నుంచి నెలకు 4,000 నుంచి 8,000 రూపాయలకు పెంచారు. మీ ఊళ్లో అలాంటి వారుంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెంటబెట్టుకుని వెళ్లండి. వారంతట వారు అడగరు.

నన్ను ఎక్కువగా వేధించేది అమ్మ సంగతి. నాన్నగారి తర్వాత ఆమెకు వచ్చే కుటుంబ పెన్షన్ ఇప్పటి దానిలో సుమారు అయిదింట మూడు వంతులు. భర్త మంచాన ఉండగా దాచుకున్నదంతా ఆయన కోసం ఖర్చు చేస్తే, రేపు ఆమె మంచం పట్టిన రోజున పెన్షనూ తగ్గి, డిపాజిట్టూ ఉండదు. అందుకే ఆమె పేరున ఉన్న సీనియర్ సిటిజన్ పొదుపు ఖాతాను ముట్టుకోకూడదని అన్నదమ్ములం ముందే అనుకున్నాం. ఇంటిని బ్యాంకుకు రాసి నెలనెలా డబ్బు తీసుకునే రివర్స్ మార్ట్‌గేజ్ గురించి కూడా మాట్లాడుకున్నాం గానీ, అమ్మ ఒప్పుకోలేదు, మేమూ పట్టుబట్టలేదు. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం కింద ట్రిబ్యునల్ నెలకు ఇప్పించగల గరిష్ఠ మొత్తం 10,000 రూపాయలు. నాన్నగారిని చూసుకునే అబ్బాయి జీతంలో సగం కూడా కాదది. కాబట్టి చట్టం దాకా వెళ్లకుండానే పిల్లలు వాటాలు పంచుకోవాలి.

వాటాలు పంచుకునేటప్పుడు మేము చేసిన పెద్ద తప్పు ఒకటుంది. వదినగారు బడిలో పాఠాలు చెప్పే ఉద్యోగం మానేసి నాన్నగారిని చూసుకుంటున్నారు. పగలు ఆ అబ్బాయి నిద్రపోయే ఆరు గంటలూ తిప్పడం, తినిపించడం, శుభ్రం చేయడం ఆవిడే. దాన్ని మేము సేవ అన్నాం, పుణ్యం అన్నాం, ఖర్చుల పుస్తకంలో మాత్రం ఎక్కడా రాయలేదు. మొన్న ఉగాదికి అందరం కలిసినప్పుడు ఆవిడ వదులుకున్న జీతం ఎంతో అడిగి, పుస్తకంలో ఆ అబ్బాయి జీతం కింద ఇంకో వరుస గీశాం. మొదట వద్దన్నారు. రెండో నెల నుంచి ఆ డబ్బు నేరుగా ఆవిడ ఖాతాలోనే పడుతోంది.