చీపోష్ అంటే కారం

చెక్ దేశపు రాజధాని ప్రాగ్‌లో హాస్టల్ గది తలుపు తీసేసరికి రాత్రి పదకొండైంది. లైట్లు ఆపేసి ఉన్నాయి. రైల్లో బెర్తుల్లాగా పైనా కిందా ఎనిమిది పడకలు. ఫోన్ వెలుతురులో నా నంబరు వెతుక్కుంటుంటే, కింద పడుకున్న అమ్మాయి లేచి తన తలదగ్గరి చిన్న లైటు వేసింది. దుప్పటికి గలీబు తొడగలేక అవస్థ పడుతుంటే రెండు కొసలు తను పట్టుకుంది, రెండు కొసలు నేను. ఒక్క మాట లేదు. వారం రోజులుగా మోస్తున్న టెన్షన్ సగం అక్కడే దిగిపోయింది.

ఆ వారమంతా ఫోన్లో అమ్మతో ఇదే గొడవ. మన దగ్గర హాస్టల్ అంటే చదువుకునే పిల్లలు ఉండేది. "ముక్కూ మొహం తెలియని వాళ్లతో ఒకే గదిలో పడుకుంటావా?" అని ఒకటే బెంగ. సత్రం లాంటిదేనమ్మా, పడకకి ఇంత అని అద్దె కడతాం, సామాను పెట్టుకోవడానికి బీరువా ఇస్తారు, తాళంకప్ప మాత్రం మనమే తెచ్చుకోవాలి, ఆడవాళ్లకి వేరే గదులు కూడా ఉంటాయి అని చెప్పాక కాస్త నెమ్మదించింది.

అసలు ఈ యూత్ హాస్టల్ అనేది పుట్టింది నేను ఎమ్మెస్ చదువుతున్న జర్మనీలోనే. 1909లో రిచర్డ్ షిర్మన్ అనే బడి పంతులు పిల్లల్ని కాలినడకన ఊళ్లు తిప్పుతూ గాలివానలో చిక్కుకుని, ఓ పల్లెటూరి బడిలో తలదాచుకున్నాడు. సెలవుల్లో ఖాళీగా ఉండే బళ్లని దారిన పోయే పిల్లలకి ఎందుకివ్వకూడదు అని ఆ రాత్రే ఆయనకి తోచింది. 1912లో ఆల్టెనా కోటలో మొదటి హాస్టల్ తెరిచారు. ఈ ప్రయాణంలో ఆ పంతులుగారికి ఎన్నిసార్లు మనసులో దణ్ణం పెట్టుకున్నానో.

గలీబు పట్టుకున్న అమ్మాయిది బ్రెజిల్. తెల్లారకముందే ఇద్దరం చార్లెస్ వంతెన మీదికి వెళ్లాం. 1357లో మొదలుపెట్టిన వంతెన, అటూ ఇటూ కలిపి 30 విగ్రహాలు. పగలైతే అడుగు పెట్టడానికి సందుండదు, అందుకే ఆ వేళకి. నెపోముక్ అనే సాధువు విగ్రహం కింద కంచు పలక ఉంది. జనం ముట్టి ముట్టి ఆ చోటు మాత్రం బంగారంలా మెరుస్తోంది. మిగతాదంతా నల్లగా ఉంది. తను చెయ్యి వేసి కళ్లు మూసుకుంది. ఏం కోరుకుందో నేను అడగలేదు.

వియన్నాలో ఒక్కరోజే ఉన్నాను. అక్కడి స్టేట్ ఒపేరా అనే సంగీత నాటకశాలలో నిలబడి చూసే టికెట్లు చవగ్గా దొరుకుతాయి. ముందున్న కమ్మీకి స్కార్ఫు కడితే ఆ చోటు మనదే, బయటికెళ్లి వచ్చినా ఎవరూ ముట్టుకోరు. నేను చున్నీ కట్టాను. మా ఊళ్లో బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకుంటామని పక్కనున్న కొరియా అబ్బాయికి చెబితే ఒకటే నవ్వాడు. రెండ్రోజుల తర్వాత హంగరీ రాజధాని బుడాపెస్ట్ హాస్టల్ వంటగదిలో ప్లేటు కడుగుతూ మళ్లీ అతనే కనిపించాడు. ఈ దారిలో తిరిగేవాళ్లు ఇలా తగులుతూనే ఉంటారు.

బుడాపెస్ట్ గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. మాది గుంటూరు దగ్గర పల్లె, నాన్న మిరప రైతు. 1897లో కట్టిన అక్కడి పెద్ద మార్కెట్లోకి అడుగుపెట్టగానే కాళ్లు ఆగిపోయాయి. కొట్టుకొట్టుకీ ఎండుమిరప దండలు! వెంటనే నాన్నకి వీడియో కాల్ చేశాను. "తొడిమలతోనే గుచ్చారే! తాలు లేకుండా భలే ఏరారమ్మా. కిలో ఎంతట?" అన్నారు. మనం కల్లంలో నేలమీద ఆరబోస్తాం, వీళ్లు దండ కట్టి చూరుకి వేలాడదీస్తారు. మిరప్యార్డు పక్కనుంచి వెళ్తేనే మనకి దగ్గొస్తుంది, ఇక్కడ కమ్మటి తీపి వాసన. మిరపపొడి పొట్లాల మీద 'ఎడెష్' అని ఉంటే తియ్యటిది, 'చీపోష్' అని ఉంటే కారం. నేను చీపోష్ కొన్నాను. మన తేజ రకం ముందు అది నిలవదు గానీ, రంగు చూస్తే కళ్లు తిప్పుకోలేం.

ఆ సాయంత్రం నలుగురికి వంట చేశాను. బంగాళాదుంప వేపుడు, అన్నం, నా సంచిలోని కందిపొడి. నెయ్యి లేదు, వెన్న కరిగించాను. కారం వెయ్యబోతుంటే రిసెప్షన్లో ఉండే హంగరీ అబ్బాయి పరిగెత్తుకొచ్చి, "దించాక వెయ్యి! పొయ్యి మీద వేస్తే మాడి చేదెక్కుతుంది" అన్నాడు. వేపుడులో కారం ఆఖర్న వెయ్యమని అమ్మ కూడా ఇదే చెబుతుంది.

మా గదిలో రిటైరైన సైన్సు టీచరు ఒకావిడ ఉండేది, పోలండ్ నుంచి ఒంటరిగా వచ్చింది. కందిపొడి మూడుసార్లు వేయించుకుంది. సెగెడ్ ఊళ్లో సెంట్-గ్యోర్గ్యి అనే శాస్త్రవేత్త ఈ మిరపకాయల నుంచే సి విటమిన్ తీశాడనీ, 1937లో ఆయనకి నోబెల్ వచ్చిందనీ పాఠం చెప్పినట్టే చెప్పింది. రాత్రికి అది నాన్నకి చెబితే ఎంత పొంగిపోయారో!

భోజనాలయ్యాక ఆవిడే మమ్మల్ని డాన్యూబ్ గట్టుకి తీసుకెళ్లింది. పార్లమెంటుకి కాస్త దూరంలో నీటి అంచున 60 జతల ఇనుప చెప్పులూ బూట్లూ ఉన్నాయి. 1944-45 చలికాలంలో యారో క్రాస్ అనే హంగరీ నాజీ పార్టీ మూకలు యూదుల్ని ఇక్కడ నిలబెట్టి, చెప్పులు విడిపించి, కాల్చి నదిలో పడేశారు. 2005లో పెట్టిన గుర్తులివి. వాటిలో చిన్నపిల్లల జత ఒకటి ఉంది, లోపల ఎవరో పువ్వు పెట్టారు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. తిరిగొచ్చేదాకా ఎవరం మాట్లాడలేదు.

మర్నాడు తెల్లవారుజామున నా రైలు. సంచి సర్దుతుంటే ఆవిడ చీకట్లోనే లేచొచ్చింది. కందిపొడి డబ్బా ఆవిడకి ఇచ్చేశాను. ఆవిడ నా చేతిలో చిన్న పొట్లం పెట్టింది. తను అడవిలో ఏరి ఎండబెట్టుకున్న పుట్టగొడుగులట. జర్మనీలో నా గదికొచ్చాక వీడియోలో అమ్మకి చూపించాను. వాటితో పులుసు పెడితే బావుంటుందా, వేపుడు చేస్తే బావుంటుందా అని అమ్మా నాన్నా ఇంకా తేల్చుకోలేదు.