బకెట్ నీళ్లు లేకుండా బండి శుభ్రం

ఏప్రిల్ వచ్చిందంటే మా నిజాంపేట అపార్ట్‌మెంట్‌కి ట్యాంకరే దిక్కు. ఇంట్లో వాడకానికే చాలనప్పుడు బండి మీద నాలుగు బకెట్లు పోయడానికి మనసొప్పదు. అందుకే రెండేళ్లుగా నా నల్ల బుల్లెట్‌ని వాటర్‌లెస్ వాష్ స్ప్రేతోనే శుభ్రం చేస్తున్నాను.

పొద్దున్నే, బండి పెట్రోల్ ట్యాంకు చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. వేడెక్కిన రేకు మీద స్ప్రే వెంటనే ఆరిపోయి మరకలు కడుతుంది. దుమ్ము బాగా తడిసేలా కొట్టి, అర నిమిషం ఆగుతాను. మైక్రోఫైబర్ గుడ్డని రెండుసార్లు మడిస్తే ఎనిమిది శుభ్రమైన ముఖాలు దొరుకుతాయి. ఒత్తకుండా, ఒకే వైపుకి ఒక్కసారి లాగి, ముఖం మార్చేయాలి. మొదట్లో పొడి బనీను గుడ్డతో గుండ్రంగా రుద్దేవాణ్ణి. ఎండ పడితే ట్యాంకు మీద సాలెగూడు లాంటి గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

బురద గడ్డకట్టి ఉంటే మాత్రం ఈ పద్ధతి వద్దు, నీళ్లతో నానబెట్టాల్సిందే. పెయింట్ గీరడానికి ఒక్క ఇసుక రేణువు చాలు.

చివర్లో పల్చగా వ్యాక్స్ పూస్తాను. మెరుపు లేని మ్యాట్ ఫినిష్ పెయింట్ ఉన్న బండికి మామూలు వ్యాక్స్ వాడకండి, మచ్చలు మచ్చలుగా మెరుస్తుంది. బ్రేక్ డిస్క్‌కి, టైర్లకి, సీటుకి అస్సలు తగలనివ్వకండి.