నాన్నకి నీటికాసులు అన్నారు, నేనూ కళ్ళు చూపించుకున్నా

నాన్నకి నీటికాసులు, అంటే కంటి లోపలి నరం దెబ్బతినే గ్లాకోమా, ఉందని తేలినరోజు డాక్టర్‌గారు ఆయనకి చుక్కల మందు రాస్తూ నావైపు చూసి "మీకు 40 దాటాయి కదా, మీరూ మీ అన్నదమ్ములూ కూడా ఒకసారి చూపించుకోండి" అన్నారు. ఇంట్లో ఒకరికుంటే రక్తసంబంధీకులకి వచ్చే అవకాశం ఎక్కువట. అన్నయ్యకి చెప్తే "నాకు శుభ్రంగా కనిపిస్తోంది, మొన్ననే అద్దాలు మార్చా" అన్నాడు. అద్దాల షాపులో చూసేది నంబర్ అన్నయ్యా, లోపలి నరాన్ని కాదు! ఈ జబ్బులో సాధారణంగా ముందు పోయేది పక్కచూపు, ఎదురుగా ఉన్న అక్షరాలు చాలాకాలం బాగానే కనిపిస్తాయి, పోయిన చూపు మాత్రం మళ్ళీ రాదు.

బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి వెళ్ళా. మెహదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వాసుపత్రి కూడా ఉంది, ఖర్చు గురించి ఆలోచించేవాళ్ళు అక్కడికి వెళ్ళొచ్చు. ఎక్కడికెళ్ళినా పూట పోతుంది, ఆఫీసులో ముందే చెప్పేయండి.

మొదట మొద్దుబారే చుక్కలు వేసి, నీలం లైటు దగ్గరికి తెచ్చి కంటి ప్రెషర్ చూశారు. నొప్పేం లేదు. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలి, నాది కాస్త పైన. గుండె జారింది కానీ, నల్లగుడ్డు పైపొర మందంగా ఉన్నవాళ్ళకి ప్రెషర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుందని ఆ మందం కూడా కొలిచారు.

అసలు టెన్షన్ పక్కచూపు ఎంతుందో చూసే ఫీల్డ్ టెస్టుతో. ఒక కన్ను మూసి, తెల్లటి గిన్నెలాంటి దాంట్లో మధ్య చుక్కనే చూస్తూ, పక్కల ఎక్కడ లైటు మెరిసినా బటన్ నొక్కాలి. చాలాసేపు ఏమీ కనిపించదు, నా పని అయిపోయిందనుకున్నా. తర్వాత అడిగితే టెక్నీషియన్ నవ్వింది, కనిపించనంతవరకూ వెలుగు తగ్గించుకుంటూ పోవడమే ఆ మెషిన్ పనట, అందరికీ అలాగే ఉంటుందట. ఊరికే నొక్కేద్దామంటే కుదరదు, కంటిలో సహజంగానే చూపులేని చోట ఒకటి ఉంటుంది, అక్కడా లైటు వేస్తుంది, నొక్కామా చూపు పక్కకి తిప్పామని పట్టేస్తుంది.

చివర్లో లోపలి నరం చూడ్డానికి కనుపాప పెద్దదయ్యే చుక్కలు. ఆ తర్వాత కొన్ని గంటలు దగ్గరివేవీ కనిపించవు, బండి తీసుకెళ్ళొద్దు, నల్లద్దాలు తప్పనిసరి. క్యాబ్ ఓటీపీ చదవలేక డ్రైవర్‌కే ఫోన్ ఇచ్చా.

నరం ప్రస్తుతానికి బాగానే ఉంది, "సస్పెక్ట్", అంటే జబ్బు తేలలేదు కానీ అనుమానం ఉంది, అని రాసి ఏడాదికోసారి రమ్మన్నారు. కళ్ళు ఎర్రబడితే మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు తెచ్చుకోవద్దని గట్టిగా చెప్పారు, వాటివల్ల ప్రెషర్ పెరగొచ్చట. వచ్చే ఏడాది ఫీల్డ్ టెస్టు ఇప్పటిదాని పక్కన పెట్టి చూస్తారు, అందుకని కాగితాలన్నీ నాన్న ఫైల్లోనే పెట్టేశా.