పట్టేయాలా, ఇంకో రెండు వారాలు ఉంచాలా: రొయ్యల చెరువు లెక్కల్లో ఏఐతో నా అనుభవం

పశ్చిమ గోదావరి జిల్లా ఉండి దగ్గర నాలుగు వనామీ రకం రొయ్యల చెరువుల లెక్కలు నేను చూస్తాను. ఒక్కోటి ఎకరం. మేత, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు, మందులు రోజూ ఉండే నిర్ణయాలే. డబ్బంతా ముడిపడేది మాత్రం ఒక్క దగ్గర: 60 కౌంటుకి (కిలోకి 60 రొయ్యలు; అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది) వచ్చిన చెరువుని ఇప్పుడే పట్టేయాలా, 50 కౌంటు దాకా ఉంచాలా? దీనికి ఊహతో కాకుండా లెక్కతో జవాబు చెప్పుకోవడానికి ఏఐని ఎలా వాడుతున్నానో రాస్తున్నాను.

సగం పని గట్టు మీద పుస్తకంలోనే ఉంది. రోజుకో వరస: పిల్ల వేసి ఎన్నో రోజు, నాలుగు పూటల మేత కిలోల్లో, చెక్ ట్రేలో (తిన్నదీ లేనిదీ చూడటానికి కొంచెం మేత వేసి నీళ్లలో దించే పళ్లెం) రెండు గంటల తర్వాత మిగిలింది (ఏమీ లేకపోతే 0, కొంచెం 1, సగం 2, ఎక్కువ 3), తెల్లవారుజాము డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్), సాయంత్రం డీవో, రెండు పూటల పీహెచ్, చచ్చి తేలినవి, కరెంటు పోయిన గంటలు. మేతని బస్తాల్లో రాస్తే లెక్క చెడుతుంది. సగం బస్తా అంటే ఒకరికి 12 కిలోలు, ఇంకొకరికి 15. ఇంకో చిక్కు ఖాళీ గడులు. చచ్చిన రొయ్యల గడిలో 0 ఉంటే చూశాం, లేవు అని. ఖాళీగా ఉంటే ఆ రోజు చూడలేదని. ఈ తేడా పాటించకపోతే ఏఐ రెండింటినీ ఒకటిగా తీసుకుని చెరువు ఆరోగ్యంగా ఉందని చెబుతుంది.

పేజీలు ఫోటో తీసి చాట్‌జీపీటీకి ఇస్తే పట్టిక చేసి పెడుతుంది. నేను ఇచ్చే మాట ఇది: ‘ఈ పేజీని పట్టికగా రాయి. అర్థం కాని అంకె దగ్గర ప్రశ్న గుర్తు పెట్టు. ఖాళీ గడిని ఖాళీగానే ఉంచు, అంచనాతో నింపొద్దు.’ ఇలా చెప్పకపోతే పైన 5.1, కింద 4.9 ఉన్న చోట మధ్యలో 5.0 తనే రాసేస్తుంది. చేతిరాతలో 1ని 7గా, 4.2ని 42గా చదవడం మామూలే. అందుకే డీవో 0 నుంచి 15, పీహెచ్ 6.5 నుంచి 9.5 దాటితే గడి ఎర్రబడేలా షీట్‌లో పెట్టాను. కూడికలు, గుణకారాలు ఏఐతో చేయించను. సూత్రాలు మాత్రం రాయించి, లెక్క షీట్‌కి వదిలేస్తాను. తప్పెక్కడుందో వెతుక్కోవచ్చు.

అసలు కష్టం బతుకుదల, అంటే వేసిన పిల్లలో ఎన్ని బతికి ఉన్నాయన్నది. నీళ్లలో ఎన్ని ఉన్నాయో కంటికి కనపడదు. పిల్ల అమ్మే హేచరీలు బిల్లు మీద లక్ష రాసి పైన కొంత అదనంగా పోయడం ఉంది కాబట్టి మొదటి అంకె దగ్గరే తేడా వస్తుంది. పోసేటప్పుడు రెండు మూడు సంచులైనా లెక్కపెట్టించి ఆ అంకె రాసుకోవాలి. తర్వాత మేత నుంచి వెనక్కి లెక్క వేస్తాను. విసురువలతో నాలుగైదు చోట్ల, చెక్ ట్రేలకి దూరంగా పట్టి, కనీసం 100 రొయ్యలు తూస్తే సగటు 16.7 గ్రాములు వచ్చిందనుకుందాం, అంటే 60 కౌంటు. మేత చార్టు ప్రకారం ఆ సైజులో ఒంటి బరువులో 2.5 శాతం తింటుందనుకుంటే, ట్రేలు ఖాళీ అవుతూ రోజుకి 31 కిలోలు పోతుంటే చెరువులో 1,240 కిలోలు, అంటే దాదాపు 74 వేల రొయ్యలు. ఒక్క రోజు మేత చూసి ఇది వేయకూడదు. మబ్బు రోజుల్లో, అమావాస్య పౌర్ణమి దగ్గర కుబుసం విడిచే రోజుల్లో మేత తగ్గుతుంది. ఎండ ఉన్న ఐదు రోజుల సగటు తీసుకుంటాను. అడుగున మేత మిగిలి కుళ్లుతుంటే ఇదే లెక్క లేని రొయ్యల్ని ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే ట్రే గడి లేకుండా మేత గడిని నమ్మను.

ఇప్పుడు అసలు ప్రశ్న. 75 వేల రొయ్యలు, 1,250 కిలోలు, 60 కౌంటు ధర కిలోకి 300 రూపాయలు, 50 కౌంటు ధర 340 అనుకుందాం. ఈ రోజు పడితే 3,75,000. రెండు వారాలు ఉంచితే 20 గ్రాములై, 4 శాతం పోయి 72 వేలు మిగిలితే 1,440 కిలోలు, 4,89,600. అదనంగా వచ్చేది 1,14,600. మేత 462 కిలోలు 90 చొప్పున 41,580, కరెంటు, డీజిలు, మినరల్స్, కూలి 25,000 తీసేస్తే చేతికి 48,020. ఉంచడమే మేలు.

అదే చెరువులో వారానికి ఒక్క గ్రామే పెరిగి, 10 శాతం పోయిందనుకోండి. 67,500 రొయ్యలు, 18.7 గ్రాములు, 1,262 కిలోలు, 53.5 కౌంటు. కౌంటుకి 4 రూపాయల చొప్పున ధర 326 వేసుకుంటే 4,11,412. ఖర్చు అంతే. 30 వేలకి పైగా నష్టం. ఏఐతో నేను చేయించింది ఈ రెంటి మధ్య పట్టిక: పెరుగుదల వారానికి 0.8 నుంచి 1.8 గ్రాములు, చావు 2 నుంచి 15 శాతం, ప్రతి గడిలో మిగిలే డబ్బు. పోయిన రెండు వారాల్లో చెరువు ఏ గడిలో ఉందో చూస్తే చాలు, జవాబు కనపడుతుంది. తెల్లమచ్చ వైరస్ జబ్బు అనుమానం వచ్చిన చెరువుకి ఈ పట్టిక తీయను, వెంటనే పట్టుబడే.

ధరని మాత్రం ఏఐతో ఊహింపజేయను. మన రొయ్యకి పెద్ద గిరాకీ అమెరికాదే. 2025 ఆగస్టు 27న అక్కడ రొయ్యతో సహా మన సరుకుల్లో చాలావాటి మీద అదనపు సుంకం ఒక్కసారిగా 50 శాతానికి పెరిగింది. అంతకు ముందు ధరలు ఎన్నేళ్లవి ఇచ్చినా ఏ మోడలూ అది చెప్పలేదు. ఇద్దరు ముగ్గురు ఏజెంట్లు చెప్పిన ఆ రోజు ధర వేసి, కిలోకి 20 తగ్గితే ఏమవుతుందో పక్కనే చూస్తాను. పై మొదటి లెక్కలో 50 కౌంటు 320కి పడిపోయినా 19,220 మిగులుతుంది కాబట్టి ధైర్యంగా ఉంచొచ్చు.

ఇక మెషీన్ లెర్నింగ్, అంటే పాత అంకెల నుంచి నేర్చుకుని ముందుది చెప్పే మోడల్ సంగతి. నాలుగు చెరువులు, మూడు పంటలు అంటే పట్టుబడి వరసలు 12. అంతటితో మోడల్ ఏమీ నేర్చుకోదు. తెల్లవారుజాము డీవోకి మాత్రం నాలుగు చెరువులకి కలిపి పంటకి 400 పైగా వరసలు ఉంటాయి, అక్కడ పనికొస్తుంది. పరీక్షించేటప్పుడు రోజుల్ని కలిపేసి, కొన్ని నేర్పడానికి, కొన్ని పరీక్షకి అని పంచకూడదు. నిన్నటి వరస నేర్చుకుని ఇవాళ్టిది చెబితే మోడల్ గొప్పగా కనపడుతుంది. రెండు పంటలతో నేర్పి మూడో పంట మీద చూడాలి. దానికి పోటీగా పాత గీత పద్ధతి ఉంచుకోవాలి: సాయంత్రం 6కి 7.2, రాత్రి 9కి 6.0 ఉంటే గంటకి 0.4 తగ్గుతోంది, ఉదయం 5కి 2.8 అవుతుంది. 4 కన్నా తక్కువ కాబట్టి మిగతా ఏరేటర్లు రాత్రే వేయాలి. ఈ గీత కన్నా తక్కువ తప్పు చేస్తేనే మోడల్‌ని గట్టు మీదకి తెస్తాను.

పట్టుబడి అయిన రోజే కాటా చీటీ అంకెలు అదే షీట్‌లో ఎక్కిస్తాను: మొత్తం కిలోలు, అసలు కౌంటు, మేత నుంచి వేసిన బతుకుదల ఎంత, నిజంగా తేలింది ఎంత. ఏ చెరువుకి ఆ చెరువు తేడా వేరుగా ఉంటుంది, తర్వాతి పంటలో బతుకుదల అంచనాని దానితోనే సరిచేస్తాను.