రాత్రి రెండింటికి బ్యారన్ దగ్గర

మా బ్యారన్ ముందు, అంటే కోసిన పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టం ముందు, నులక మంచం మీద కూర్చుని ఫోన్లో ఇది రాస్తున్నాను. రాత్రి 2 దాటింది. నాయన ఇప్పుడే రెండు జామాయిల్ మొద్దులు పొయ్యిలోకి నెట్టి, "పోయి పడుకో బుజ్జమ్మా, నేను చూసుకుంటాలే" అన్నాడు. ఇప్పటికి మూడుసార్లు చెప్పాడు. నేను మాత్రం పోను. పోయిన ఏడాది ఈ రాత్రుల్ని ఫోన్లోనే చూశాను, ఈ ఏడాదీ మొన్నటిదాకా అంతే.

మాది టంగుటూరు దగ్గర పల్లె. వర్జీనియా పొగాకు మా తాత నాటి నుంచీ వేస్తున్నాం. పొగాకు మంచి పంటని నేను ఎవరితోనూ వాదించను. కానీ మా నేలలో మా అప్పులు తీర్చిన పంట అదొక్కటే, నన్ను జర్మనీ పంపిందీ అదే. అక్కడ వీసా కావాలంటే ఏడాది ఖర్చు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాలి. నేను వెళ్లినప్పుడు అది 11,904 యూరోలు. అందులోంచి నెలకు 992 మన చేతికి వస్తుంది. కొంత బ్యాంకు లోను, మిగతాది ఆ ఏడాది ఆకు అమ్మిన డబ్బు. అందుకే మొదటి ఏడాది సెలవులకు ఇంటికి రావాలన్న మాటే ఎత్తలేదు. పైగా నిరుడు వేలంలో మా పొగాకు బేళ్లు కొన్ని నోబిడ్ అయి, అంటే ఎవరూ పాడక, ఇంటికి తిరిగొచ్చాయి. ఈసారి టికెట్ నా పార్ట్‌టైం డబ్బుతో కొన్నాను, ఫిబ్రవరి 20కి.

నేనుండే ఊరు మాగ్డెబర్గ్, చదివేది కెమికల్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్. చలికాలం సెమిస్టర్ అక్టోబర్‌లో మొదలవుతుంది, ఫిబ్రవరిలో పరీక్షలు, అవి అయ్యాక ఏప్రిల్ దాకా క్లాసులుండవు. నాకు మూడు పరీక్షలు పడ్డాయి. చివరిది 18న. టికెట్ చేతిలో ఉన్నాక పరీక్షకు చదవడం ఎంత కష్టమో ఆ పది రోజుల్లో తెలిసింది. పుస్తకం తెరిస్తే చాలు, మనసు మద్రాసులో దిగి హైవే ఎక్కేసేది.

చదువు సాగింది నాయన వల్లనే. చలికాలంలో వాళ్లకూ మనకూ నాలుగున్నర గంటలు తేడా. నాకు రాత్రి తొమ్మిదిన్నర అయితే ఇక్కడ రెండు. ఆ వేళకు నాయన తప్పకుండా మేలుకుని ఉంటాడు. కోసిన పచ్చాకును కర్రలకు అల్లి బ్యారన్ నిండా ఎక్కించాక, ఐదారు రోజులు పొయ్యి ఆరకూడదు. నేను వీడియో కాల్ చేసి ఫోన్‌ను రైస్ కుక్కర్‌కు ఆనించి పెట్టేదాన్ని. ఆయన తన ఫోన్‌ను గోడ గూట్లో నిలబెట్టేవాడు. పెద్దగా మాటలేమీ ఉండేవి కావు. నా పేజీలు తిరిగే చప్పుడు ఆయనకు, ఆయన పొయ్యి చిటపటలు నాకు. అరగంటకోసారి టార్చి తీసుకుని బ్యారన్ అద్దంలోంచి థర్మామీటర్ చూసి వచ్చి, "నూట పది" అనో "నూట పదిహేను" అనో చెప్పేవాడు. మా ఊళ్లో ఇప్పటికీ లెక్క ఫారన్‌హీట్‌లోనే.

ఒక రాత్రి లెక్కలు చేస్తూ తలెత్తి చూస్తే ఫోన్లో వెలుగు తగ్గినట్టనిపించింది. ఎప్పుడూ ఎర్రగా కదులుతుండే గోడ బూడిదరంగులో ఉంది. నాయన కనపడలేదు, మంచం పట్టె మీద చెయ్యి ఒక్కటే కనపడింది. "నాయనా! పొయ్యి!" అని అరిచాను. పలకలేదు. గొంతు పోయేలా నాలుగైదుసార్లు అరిచాను. పక్కగదిలో ఉండే కేరళ అమ్మాయి ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది. చివరికి లేచాడు. ఏమీ మాట్లాడకుండా మొద్దులు వేసి, ఊది, మంట లేచాక అద్దం దగ్గరికి పోయొచ్చి "నూట ముప్పై ఉండేది, నూట పద్దెనిమిదికి దిగింది" అన్నాడు. ఆకు పసుపుకు తిరిగి, ఆ రంగు నిలబడే సమయమది. అప్పుడు వేడి దిగితే లోపలి తేమ మళ్లీ ఆకునే పట్టుకుని రంగు నల్లబడుతుంది. బ్రైట్ అనే మంచి గ్రేడుకు పోవాల్సిన ఆకు లోగ్రేడ్‌లో పడుతుంది. ఆ బ్యారన్‌లో పై అరల కర్రలు కొన్ని అట్లాగే మచ్చ పడ్డాయని తర్వాత అమ్మ చెప్పింది. నాయన చెప్పలేదు. అరవై దాటిన మనిషి వరసగా ఎన్ని రాత్రులని మేలుకుంటాడు? ఆ రాత్రి నాకు ఏడుపు ఆగలేదు.

చివరి పరీక్ష డ్రయింగ్ మీద, అంటే వస్తువుల్ని ఎండబెట్టే శాస్త్రం. నోటితో చెప్పాల్సిన పరీక్ష, ప్రొఫెసర్ ఎదురుగా అరగంట. పైనున్న తడి మొదట ఒకే వేగంతో పోతుంది, తర్వాత లోపలి తడి పైకి రావడం ఆలస్యమై వేగం తగ్గుతూ పోతుంది. ఆ గ్రాఫ్ గీశాను. "మొదటి నుంచే వేడి పెంచేస్తే పని తొందరగా అయిపోతుంది కదా, ఎందుకు పెంచరు?" అని అడిగాడాయన. నాకు మా బ్యారనే గుర్తొచ్చింది. పచ్చాకుకు ముందే వేడి పెంచితే పసుపుకు తిరక్కుండానే పచ్చదనం నిలిచిపోతుందని, అందుకే మొదటి రోజున్నర, రెండు రోజులు నూరు డిగ్రీల దగ్గరే తేమతో ఉంచుతారని, ఆకు రేకు ఎండాక కూడా ఈనెలో నీళ్లుంటాయని, అది ఆరడానికే చివర్లో నూట అరవై దాకా తీసుకెళతారని, ఈనె ఆరకుండా దించితే బూజు పడుతుందని చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టి విన్నాడు. తర్వాతి ప్రశ్న కొరుకుడు పడలేదు, అది వేరే సంగతి. మార్కు 1.7 వచ్చింది. అక్కడ 1 అంటే అన్నిటికన్నా మంచిది, 4 దాటితే ఫెయిలు. మిగతా రెండు పరీక్షల రిజల్ట్ ఇంకా రాలేదు.

19న ఫ్రిజ్ ఖాళీ చేశాను, ఖాళీ సీసాలు షాపులో ఇచ్చి డబ్బు తెచ్చుకున్నాను, హీటర్ తగ్గించాను. గోంగూర పచ్చడి అడుగున మిగిలింది కేరళ అమ్మాయికి ఇచ్చాను. సూట్‌కేసులో చాక్లెట్ల మధ్య, స్వెట్టర్లో చుట్టి ఒక డిజిటల్ థర్మామీటర్ పెట్టాను. పొడుగాటి వైరు చివర ప్రోబ్ ఉంటుంది. అది బ్యారన్ లోపల, అంకెలు కనిపించేది బయట మంచం పక్కన. వేడి మనం పెట్టిన అంకె కంటే దిగితే కూత పెడుతుంది. జర్మనీలో ఇంతకన్నా మంచి వస్తువు నాకు కనపడలేదు.

మద్రాసులో దిగి, రైల్లో ఒంగోలు చేరేసరికి నాయన స్టేషన్లో లేడు. బ్యారన్ మీద ఉన్నాడు. బాబాయి వచ్చాడు. ఇల్లు చేరకముందే, వీధి మలుపులోనే ఆ వాసన తగిలింది. కాగుతున్న ఆకు తియ్యటి వాసన. ఫోన్లో అదొక్కటే రాలేదు ఇన్నాళ్లూ.

ఇప్పుడు ఈ మంచం పక్కన అంకెలు 158 చూపిస్తున్నాయి. ఈనె ఆరుతోంది. రేపు పొయ్యి ఆపి తలుపులు తీసిపెడితే, ఆకు గాలి తేమకు మెత్తబడి పదునుకొచ్చాక దించుతారు. నాయన అంకెల వైపు చూశాడు. చూసి, టార్చి తీసుకుని, అయినా అద్దం దగ్గరికి వెళ్లాడు.

"నూట యాభై ఎనిమిదే" అన్నాడు అక్కడి నుంచే.