ఫిర్యాదులో ఆ ఒక్క వాక్యం

నాకు మగవాళ్లంటేనే ఇష్టం. ఇంట్లో తెలియదు. డేటింగ్ యాప్‌లో పదిహేను రోజులు మాట్లాడినతను నల్లగొండ బయట బైపాస్ దగ్గరికి రమ్మంటే పోయాను. అక్కడ ముగ్గురున్నారు. ఫోన్ గుంజుకుని, చాటింగ్ అంతా ఫొటోలు తీసుకుని, "మీ నాయనకు పంపాల్నా?" అన్నారు. 14 వేలు ఫోన్‌పే కొట్టించుకున్నారు. నాలుగు రోజులకు మళ్లీ 20 వేలు అడిగారు.

ఫిర్యాదు అంతా రాయగలిగాను గానీ, అక్కడికి ఎందుకు పోయానో రాయలేకపోయాను. 'పాత ఫోన్ కొనడానికి' అని రాస్తే, హైదరాబాద్‌లో లా చదివే దోస్తు చింపెయ్యమన్నాడు. "చాట్ బయటపడ్డ రోజు నువ్వే అబద్ధాలోడివైతవ్. యాప్‌లో పరిచయమైనతన్ని కలవనీకి పోయిన అని రాయి, చాలు."

స్టేషన్‌లో రైటర్ సరిగ్గా అక్కడే పెన్ను ఆపాడు. "మొగోన్ని కలవనీకి మొగోడు పోవుడేంది? నీ మీద గూడ కేసైతది. సెటిల్ చేసుకోపో."

బయట వేపచెట్టు కింద నిలబడి దోస్తుకు ఫోన్ చేశా. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ సెక్షన్ 377, ఇష్టపడ్డ ఇద్దరు మేజర్లకు వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6నే చెప్పిందట. ఐపీసీ బదులు 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదట. బెదిరించి డబ్బు గుంజడం మాత్రం ఆ సంహితలోని సెక్షన్ 308 కింద నేరం. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చన్నాడు. మళ్లీ లోపలికి పోయి ఇదంతా చెప్పే ధైర్యం నాకు లేదు. అదే కాగితానికి స్క్రీన్‌షాట్లు జోడించి రిజిస్టర్ పోస్టు చేశా.

ఎనిమిదో రోజు అదే స్టేషన్ నుంచి ఫోన్. ఈసారి ఎస్సై మేడమ్ కూర్చోమంది. ఆ వాక్యం చదివింది, పేజీ తిప్పింది. "పైసలు ఏ నంబర్‌కు పోయినయ్?" అంతే. పేజీ తిప్పిన చప్పుడుకే నా భుజాలు దిగాయి.

"ఇంటికి ఫోన్ చేయొద్దు మేడమ్."

"23 ఏండ్లున్నయ్ నీకు. మీ నాయనతోని మాకేం పని?"

అయినా తండ్రి పేరు రాయక తప్పలేదు. రైటరే టైప్ చేశాడు, నా మొహం చూడకుండా. స్పెల్లింగ్ రెండుసార్లు అడిగాడు.

యూపీఐ నంబర్ ఆధారంగా ఇద్దరిని పట్టుకున్నారు. మూడోవాడూ దొరకలేదు, నా డబ్బులూ రాలేదు. ఎఫ్ఐఆర్ కాపీ మాత్రం పైసా అడగకుండా ఇచ్చారు, అది మన హక్కే. బండి సీటు కింద ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాగితాల మధ్య పెట్టా. నాన్న బండి అడిగినప్పుడల్లా ముందు అది తీసి జేబులో పెట్టుకుని, తర్వాత తాళం ఇస్తున్నా.